పొర కింద నెత్తురు

నైరోబి
9 ఫిబ్రవరి 1981

నాన్నా,

ముందు ఆ మేక సంగతి తేల్చుకుందాం. క్రిస్మస్ సెలవులకు నేనొచ్చానని మేకను కోశారు. నేను మాంసం ముట్టకుండా ఒబొకిమా ముద్ద, చిన్‌సాగా కూర తిని లేచాను. దాని మీద ఇంటిల్లిపాదీ కలిసి ఎంత కథ అల్లారు! "పట్నం నీళ్లు తాగింది, మా చేతికూడు దానికిక దిగదు" అని అమ్మ టీ తోటలన్నీ తిరిగి చెప్పుకొచ్చిందట. మీరు ఇంకో మెట్టెక్కి, మీ పనంటేనే నాకు ఏవగింపు అని రాశారు. ఆ పొద్దున అరటిచెట్ల నీడలో మీరు ఎవరి తలో తెరిచి ఎముక గీకుతుంటే చూడలేక లోపలికి పారిపోయానట. ఆ చేత్తోనే కోసిన మేక కాబట్టి నాకు సయించలేదట. పుర్రెలు తెరిచే ఒమొబారి కూతురికి నెత్తురంటే భయమా అని చిన్నాన్న కూడా నవ్వాడట.

ఎందుకే తినలేదు అని మీలో ఒక్కరు కూడా నన్ను అడగలేదు.

అడగకపోయినా చెబుతాను. పద్నాలుగు వారాలుగా మా మెడికల్ కాలేజీలో ఏడో నంబరు బల్ల మీద పడుకున్నాయన్ని నలుగురం కలిసి కోస్తున్నాం. ఆయన పేరు మాకు చెప్పలేదు. భుజం కండ ఉడికిన మేక మాంసంలాగే పోగులు పోగులుగా విడుతుంది. రంగూ అదే. అంతకు మించి కారణం లేదు.

కండ పక్కకు తీస్తే నరాలు కనబడతాయి. గుమ్మానికి మోచెయ్యి తగిలితే చిటికెన వేలిదాకా జిల్లుమంటుంది చూడండి, ఆ నరం లాంతరు వత్తి అంత లావుంటుంది. దాన్ని చిటికెన వేలి నుంచి పైకి పట్టుకుపోతే భుజం, మెడ దాటి వెన్నుపాములో కలిసింది. పోయిన వారం పుర్రె కోసి మెదడు కూడా తీశాం. రెండు అరచేతుల్లో పట్టింది. మందునీళ్లలో నానింది కదా, ఉడికిన చిలగడదుంపలా గట్టిగా ఉంది. కింద వెనకవైపు చిన్నమెదడు, మనిషి తూలకుండా నడవడం దాని పని. దాని ముందు బొటనవేలంత కాడ. ఊపిరి పీల్చమని చెప్పేది ఆ కాడే. మీకో వింత చెప్పనా? ఒంట్లో ప్రతి నొప్పీ చేరేది మెదడుకే, కానీ మెదడును గుచ్చినా కోసినా దానికి నొప్పి తెలియదు. మరి మీ చేతికింద వాళ్లు దేనికి అరుస్తారు?

ఆ పొద్దున నేను పారిపోలేదు. దగ్గర నిలబడి చూద్దామనే వచ్చాను. ఆడవాళ్లను లోపలికి పొమ్మనండి అన్నది మీరు.

మీ
కెరూబో


న్యామోసే గుట్ట
20 ఫిబ్రవరి

అమ్మా కెరూబో,

నీకు పెట్టుకున్నది మా అమ్మ పేరు. నిన్ను తిట్టాలంటే నాకు నోరు రాదు. ఆ ధైర్యంతోనే నువ్విలా రాస్తావు.

మేక విషయంలో తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. మీ అమ్మ ఒప్పుకోదు. శవాన్ని ముట్టిన చెయ్యి మా గిన్నెలో పెట్టిందా అని ఇప్పుడు కొత్త గొడవ మొదలుపెట్టి, ఇంట్లో గిన్నెలన్నీ బూడిదతో తోమించింది. వచ్చేసారి వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే నీళ్లు పోస్తుంది. కాదనకు.

నీ ప్రశ్నకు పుస్తకం లేకుండానే జవాబు చెబుతాను. నెత్తి చర్మం కోసేటప్పుడు అరుస్తారు. ఎముక గీకేటప్పుడు గొణుగుతారు. ఆ చప్పుడు తల లోపలి నుంచి వినబడుతుందట, దాన్ని భరించలేరు. ఎముక పలచబడి కింద తెల్లపొర కనబడేసరికి ఊరుకుంటారు. పోయిన ఏడాది ఒకడు సరిగ్గా ఆ సమయంలో "ముసలాడా, లోపల మా ఆవిడ కనబడితే చెవి పట్టి బయటికి లాగెయ్" అన్నాడు. పట్టుకున్న నలుగురూ పగలబడి నవ్వుతుంటే నేను కత్తి పైకెత్తి పట్టుకుని కూర్చున్నాను. తల తెరిచినంతసేపూ మనిషిని మాట్లాడిస్తూనే ఉండాలి. మాట ముద్దయితే చెయ్యి ఆపాలి. తెల్లపొరను మాత్రం కోయకూడదు. మనిషి దాని కిందే ఉన్నాడురా అనేవాడు మా నాన్న. నలభై ఏళ్లలో నేను ఒక్కసారి కూడా కోయలేదు.

మీ అన్న ఒగేటో చెయ్యి కుదిరింది. ఎండిన సొరబుర్రను గీకి, లోపలి పలచటి పొట్టు చిట్లకుండా ఆపగలుగుతున్నాడు. మొక్కజొన్న కోతలయ్యాక కత్తి వాడి చేతికిచ్చి నేను పక్కన కూర్చుంటాను.

ఇక్కడి సంగతి ఒకటుంది. మీ చిన్నాన్న న్యారిబో హద్దు చెట్లు పీకించి, మన టీ సాళ్లు రెండు తనవంటున్నాడు. వాడి కొడుకు మొసోటి ఆ సాళ్లలో ఆకు కోసుకుపోయాడు. ఒగేటో వాడితో "మళ్లీ ఇటు అడుగేస్తే ఆ కాలు ఇక్కడే పాతేస్తాను" అన్నాడట. అన్నదమ్ముల పిల్లలు, అరుచుకుంటారు, ఊరుకుంటారు. నువ్వు చదువు చూసుకో.

మీ నాన్న
ఓంగేరి


న్యామోసే గుట్ట
12 మార్చి

అమ్మా,

ఊరుకోలేదు.

మూడో తారీకు మంగళవారం పొద్దున మొసోటి ఐదుగురిని వెంటేసుకుని మన సాళ్లలోకి దిగాడు. ఒగేటో చేతిలో పంగా కత్తి ఉంది. ముందు కొట్టింది మనవాడే, నీకు అబద్ధం చెప్పను. మొసోటి చెంప చెవి నుంచి పెదవి దాకా చీరుకుపోయింది. ఆ నెత్తుటి మొహంతోనే వాడు చివర బుడిపె ఉన్న కర్ర తిప్పి కొట్టాడు. అది ఒగేటోకి ఎడమ చెవి పైన పడింది. ఆ చప్పుడు మీ అమ్మకు పెరట్లోకి వినబడింది. ఒగేటో టీ మొక్కల మీద పడి చేతులూ కాళ్లూ కొట్టుకున్నాడు, నోట నురగ వచ్చింది. కాసేపటికి తనంతట తనే లేచి, పంగా వెతుక్కుని, ఇంటికి నడిచి వచ్చాడు.

ఆ సాయంత్రం మన కుర్రాళ్లు వెళ్లి న్యారిబో ఇల్లు తగలబెట్టారు. మీ పిన్ని అడ్డం వస్తే చెయ్యి విరగ్గొట్టారు. కొట్టిందెవడని నేను అడగలేదు. ఇప్పుడు న్యారిబో వాళ్లంతా బడి వరండాలో పడుకుంటున్నారు.

ఒగేటోని ఆసుపత్రికి తీసుకెళ్లాం. చర్మం కుట్టి, నాలుగు రోజులుండమన్నారు. వాడు ఉండలేదు. "ఒమొబారి కొడుకు ఆసుపత్రి మంచమెక్కితే ఇంకెవడు వస్తాడు నాన్నా నీ దగ్గరికి" అని మూడో పూట లేచి వచ్చేశాడు. ఆ మాటకు నాకు గర్వంగానే అనిపించింది. అది కూడా రాస్తున్నాను.

తలనొప్పి మాత్రం తగ్గలేదు. పొద్దున లేస్తూనే కక్కుతున్నాడు. నిన్నటి నుంచి ఎడమ చేతిలో టీ కప్పు నిలవడం లేదు, జారిపోతోంది. మీ వదిన బొసిబొరి మూడు కప్పుల పెంకులు ఏరింది.

పెద్దలు వచ్చే గురువారం కూర్చుంటారు. తల తెరిచి ఎముకలో పగులు చూపిస్తే తప్పు మొసోటిది, వాళ్లు పరిహారంగా ఆవులు తోలాలి. పగులు లేకపోతే అది మామూలు దెబ్బ. ముందు కత్తి ఎత్తింది మనవాడు కాబట్టి తప్పు మనమీదికి వస్తుంది. ఎందరి కొడుకుల తలల్లోనో పగులు చూపించాను. నా కొడుకు తలలో చూపించలేనా?

మీ నాన్న


నైరోబి
16 మార్చి

నాన్నా,

కత్తి ముట్టుకోకండి. ముందు ఇది చదవండి. రెండుసార్లు చదవండి.

మెదడు నుంచి చేతులకూ కాళ్లకూ దిగే నరాల పోగులు మెడ మొదట్లో, నేను రాసిన ఆ కాడ కింద, ఒకదాన్నొకటి దాటి అవతలి పక్కకు పోతాయి. జడలో పాయలు మారినట్టు. ఎడమ చేతిని ఆడించేది కుడి మెదడు. కుడి చేతిని ఆడించేది ఎడమ మెదడు. అన్నకు దెబ్బ తగిలింది ఎడమ పక్క. పడిపోతున్నదీ ఎడమ చెయ్యే. అంటే కర్ర పడ్డ చోట కాదు ప్రమాదం. తల ఒక్కసారిగా అదిరినప్పుడు మెదడు లోపలే ఊగి అవతలి గోడకు కొట్టుకుంటుంది. అక్కడ సన్నటి రక్తనాళాలు తెగుతాయి. నెత్తురు ఒక్కసారిగా కారదు, మీ తెల్లపొర కింద రోజూ కొంచెం కొంచెం ఊరుతుంది. అందుకే దెబ్బ తిన్న రోజు నడిచి వచ్చినవాడికి ఈ రోజు కప్పు నిలవడం లేదు.

ఎడమ పక్క మీరెంత గీకినా మీకేమీ దొరకదు. ఉన్నదంతా కుడి పక్క, పొర కింద. దాన్ని బయటికి తీయాలి. తీయకపోతే అది మెదడును కిందికి నొక్కి కాడ మీదికి తోస్తుంది. అప్పుడు నిద్రమత్తులాగా వస్తుంది. ఒక కంటిపాప పెద్దదవుతుంది. ఊపిరి తప్పుతుంది. ఇవన్నీ నేను భయపెట్టడానికి రాయడం లేదు, పాఠంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పగులుకూ దీనికీ సంబంధం లేదు. ఎముక పగలకుండానే మనిషి పోవచ్చు. పెద్దలకు ఆ మాట చెప్పండి. ఆవుల కోసం అన్న తలను తెరిచి చూపించడానికి అది సంతలో గుమ్మడికాయ కాదు.

వాణ్ని బస్సెక్కించి ఇక్కడికి పంపండి.

కెరూబో


నైరోబి
18 మార్చి

నాన్నా,

మా ఆచార్యుణ్ని కాళ్లావేళ్లా పడి అడిగాను. ఇక్కడి ఆసుపత్రిలో మంచం ఇస్తామన్నారు. ఎక్స్‌రే తీస్తారు, మెదడు కోసే డాక్టరు శనివారం దాకా ఊళ్లోనే ఉంటాడు. శుక్రవారం, శనివారం రెండు రోజులూ బస్టాండులో ఉంటాను. కుదుపులకు తల ఒరిగిపోకుండా వదినను పక్కన కూర్చోమనండి. దారిలో తినడానికి ఏమీ పెట్టవద్దు. పొర సంగతి ఇక్కడివాళ్లు చూసుకుంటారు, మీరు దాని జోలికి వెళ్లకండి. టెలిగ్రాం కూడా ఇచ్చాను.

ఈవేళ పాఠంలో మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొట్టుకున్నాం. కాలు తనంతట తనే ఎగిరింది. కబురు వెన్నుపాము దాకా పోయి అక్కణ్నుంచే వెనక్కొస్తుంది. మెదడుకు తెలిసేలోపే తన్ను పడిపోతుంది. నా గదిలో ఉండే అకినీ "నీ మోకాలు నీకంటే చురుకు" అంది. మా ఇంట్లో అందరం ఆలోచించేది మోకాలితోనే అన్నాను. అకినీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కెరూబో


న్యామోసే గుట్ట
24 మార్చి

అమ్మా,

నీ పుస్తకమూ నా కత్తీ కలిశాయి. వరుసగా చెబుతాను.

గురువారం పెద్దలు కూర్చున్నారు. అరటాకులు పరిచి ఒగేటోని పడుకోబెట్టి ఎడమ పక్క తెరిచాను. వాడు నోరెత్తలేదు. ఎముక సొరబుర్రలా తెల్లగా, నున్నగా ఉంది. ఎంత గీకినా పగులు లేదు. ఒకచోట ఎముకల అతుకు కనబడింది. ఒక్క క్షణం దాన్నే పగులని చూపిద్దామనిపించింది. చూసేవాళ్లకు తేడా తెలియదు. నేను ఆ పని చేయలేదు. న్యారిబో చేతులు కట్టుకుని నిలబడి "అన్నా, ఇంకా ఎంత గీకుతావు? నా ఇల్లు కాలింది, నా పెళ్లాం చెయ్యి విరిగింది, నీ కొడుకు తల మాత్రం గట్టిగానే ఉందిగా" అన్నాడు. పెద్దల్లో ఒకడు దగ్గినట్టుగా నవ్వాడు. నలభై ఏళ్లలో నా పని దగ్గర నన్ను చూసి ఎవడూ నవ్వలేదు.

మర్నాడు హెడ్‌మాస్టరు బడి తపాలా పెట్టెలోంచి నీ ఉత్తరం తీసిచ్చి, అత్తగారు పోయిందని ఆ ఊరికి వెళ్లిపోయాడు. నేను రెండుసార్లు కాదు, ఐదుసార్లు చదివాను. ఎడమ పక్క ఏమీ దొరకదని నువ్వు ముందే రాశావు. అలాగే జరిగింది. ఇక మిగతాది నమ్మకపోవడానికి నేనెవణ్ని? బస్సెక్కించమన్నావు. తొమ్మిది గంటల కుదుపు. అప్పటికే వాడికి నువ్వు రాసిన మత్తు మొదలైంది. కుడి కంటిపాప పెద్దదైందని బొసిబొరి చూపించింది. బస్సులో పోతాడా, నా చేతిలో పోతాడా? నా చెయ్యే మేలనుకున్నాను.

శనివారం మన చర్చి రోజు, కత్తి ముట్టను. ఆదివారం తెల్లవారగానే కుడి పక్క తెరిచాను. పెద్దల్ని పిలవలేదు. పట్టుకున్నవాళ్లు నలుగురూ మనవాళ్లే. ఎముకలో అక్కడా పగులు లేదు. దాని కింద తెల్లపొర తెల్లగా లేదు. పండిన నేరేడు రంగులో, బిర్రుగా, కత్తిని పైకి నెడుతోంది. మా నాన్న మాట గుర్తొచ్చింది. నీ మాటా గుర్తొచ్చింది. మా నాన్నది నోటి మాట. నీది కాగితం మీద ఉంది.

మొక్కజొన్న గింజంత కోశాను. నల్లటి నెత్తురు పాత ఇంజను నూనెలా ఎగిరి నా చొక్కా మీద పడింది. చాలాసేపు కారింది. అది ఆగాక ఒగేటో కళ్లు తెరిచి, "ఇంత పొద్దెక్కిందా, ఆకు కోయడానికి ఎవరూ వెళ్లలేదా" అన్నాడు. బొసిబొరి ఖాళీ కప్పు వాడి ఎడమ చేతికిచ్చింది. పట్టుకున్నాడు. కప్పును తలకిందులుగా వంపి చూపించాడు, జారలేదు.

పొర కోశానని ఎక్కడా అనకు. తెలిస్తే నా దగ్గరికి ఇక ఎవరూ రారు. కానీ నీకు చెప్పకుండా ఉండలేను. అమ్మా, నువ్వు దగ్గర లేకపోయినా నా చెయ్యి పట్టుకుని చూపించావు. ఆడపిల్లకు కత్తి ఇచ్చే ఆచారం లేకపోయింది గానీ.

మీ నాన్న


నైరోబి
28 మార్చి

నాన్నా,

మీ ఉత్తరం చదివి సంతోషంతో మంచం మీదికెక్కి కేక పెట్టాను. అకినీ పరిగెత్తుకొచ్చింది. ఆమెకు చదివి వినిపిస్తుంటే నల్లటి నెత్తురు దగ్గర ఆపి, ఈ కాగితం తీశాను.

వీటికి జవాబు రాయకండి, వెళ్లి చూడండి. ఒళ్లు కాలుతోందా? గడ్డం ఛాతీకి ఆనించమంటే ఆనించగలుగుతున్నాడా, మెడ బిగిసిందా? వెలుతురు చూడలేకపోతున్నాడా? గాయంలోంచి నీళ్లలాంటిది కారుతోందా? ఆ కత్తిని మరిగే నీళ్లలో వేశారా? కోత మీద ఆకుపసరు పెట్టారా, కొవ్వు రాశారా? ఎముక దాకా అయితే ఒళ్లు తట్టుకుంటుంది. పొర లోపలికి పోయినదాన్ని తట్టుకోలేదు. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఆ గంటలోనే మటాటు బండి మాట్లాడి కిసీ ఆసుపత్రికి తీసుకెళ్లండి, సూది మందు పడాలి. పొర కోశామని వాళ్లకు చెప్పండి. పరువు తర్వాత చూసుకుందాం.

నా రెండో ఉత్తరం, టెలిగ్రాం మీకు అందలేదా? రెండు రోజులు బస్టాండులో నిలబడ్డాను.

కెరూబో


న్యామోసే గుట్ట
10 ఏప్రిల్

కెరూబో,

పాతిపెట్టే రోజున వచ్చావు, మట్టి వేశావు, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లావు. ఏం జరిగిందో నువ్వు అడగలేదు. అయినా చెబుతాను.

గురువారం జ్వరం. శుక్రవారానికి మెడ కొయ్యలా బిగిసింది. తలుపు తెరిస్తే వెలుతురుకు అరిచేవాడు. శనివారం ఒళ్లు విల్లులా వెనక్కి వంగి మడమలూ నెత్తీ మాత్రమే చాపకు ఆనాయి. నలుగురం పట్టుకున్నా ఆపలేకపోయాం. మటాటు దొరికేసరికి ఆదివారం. కొండ దిగకముందే బొసిబొరి ఒళ్లోనే పోయాడు. నీ ఉత్తరాలూ టెలిగ్రామూ హెడ్‌మాస్టరు తిరిగొచ్చాక ఒక్కసారే ఇచ్చాడు. తపాలా పెట్టె తాళంచెవి తనతో పట్టుకుపోయాడు.

పోలీసులు మొసోటిని హత్య కింద పట్టుకున్నారు. స్టేషనులో వాడి పళ్లు రాలగొట్టారని విన్నాను. నాకు జాలి వేయలేదు. కోర్టు ఇరవై ఏడున. శవాన్ని చూసిన డాక్టరు తలకు రెండు పక్కలా రెండు చిల్లులున్నాయని రాశాడు. కర్ర ఇంత గుండ్రంగా కొరుకుతుందా అని నన్నడిగాడు. ఎడమది పెద్దలందరూ చూసిందే, పగులు కోసం తెరిచానన్నాను. కుడిది మొసోటి కొట్టిన రెండో దెబ్బ అన్నాను. పట్టుకున్న నలుగురూ అదే చెబుతారు. డాక్టరు నమ్మినట్టు లేదు. అందుకే నువ్వు రావాలి. నల్లకోటువాళ్ల ముందు పెద్ద చదువు చదివిన పిల్ల నిలబడి, తలకు తగిలిన దెబ్బే చంపింది అంటే ఎవరూ ఎదురు అడగరు. అది అబద్ధమూ కాదు. కర్ర పడకపోతే నేను కత్తి తీసేవాణ్నా?

నా ఉత్తరాలు కాల్చెయ్యి. మార్చి ఇరవై నాలుగుది ముందు కాల్చు. నీవి ఇక్కడ పొయ్యిలో వేశాను, ఒక్కటి తప్ప. పదహారో తారీకుది. దాన్ని వేయబోతే మీ అమ్మ లాక్కుంది. చదవడం రాదు, ఊరికే పెట్టెలో పెట్టుకుంది.

నువ్వు పట్నం నుంచి మొసోటి పక్షాన మాట్లాడటానికి వస్తున్నావని ఎవరో పుట్టించారు. కుర్రాళ్లు నన్ను అడుగుతున్నారు. ఇల్లు తగలబెట్టినవాళ్లే వీళ్లు. వాళ్ల చేతులు నేను ఆపగలనని అనుకోకు. నేను ఆపాలనుకుంటానని కూడా అనుకోకు. నీకు తండ్రి కావాలో, చంపినవాడు కావాలో తేల్చుకో.

ఓంగేరి


నైరోబి
20 ఏప్రిల్

నాన్నా,

పాతిపెట్టిన రోజున నేను మీతో మాట్లాడకపోవడానికి కారణం మీరనుకున్నది కాదు. అప్పటికింకా మీతో ఏమనాలో నాకే తెలియదు. వెళుతూ బడి వరండాలో ఆగాను. పిన్ని చేతికి అరటి దబ్బలు కట్టి ఉన్నాయి, వేళ్లు కదలడం లేదు. విరిగిన ఎముక కింద నరం నలిగింది. ఇక కదలవు. చిన్నాన్న నన్ను చూసి లేచి అవతలికి వెళ్లిపోయాడు.

అక్కణ్నుంచి కిసీ వెళ్లి లాకప్పులో మొసోటిని చూశాను. మీకు ఎవరో చెప్పే ఉంటారు. ఆ పుకారు పుట్టించినవాళ్లు అక్కడి నుంచే పుట్టించి ఉంటారు. ముందు పళ్లు మూడు లేవు. ఒగేటో చీరిన చెంప పుండై ఒక కన్ను మూసుకుపోయింది. తనను విడిపించమని అడగలేదు. "అక్కా, నేను కొట్టింది ఒక్క దెబ్బ, అది ఎడమ పక్క. కుడి పక్క చిల్లు ఎలా వచ్చింది? నాకు తెలియకుండా రెండోసారి కొట్టానా?" అన్నాడు. తన చేతినే వాడు నమ్మలేకపోతున్నాడు. అంత కొట్టారు వాడిని. ఆ రోజు నేను జవాబు చెప్పకుండా వచ్చేశాను.

నల్లకోటువాళ్లకు చెప్పబోయేది ముందు మీకే చెబుతున్నాను. మొసోటి కర్ర వల్ల అన్న తలలో నెత్తురు ఊరింది. అది అలాగే ఉంటే అన్న పోయేవాడే. మీరు పొర కోసి ఆ నెత్తురు తీశారు. ఆ ఒక్క కోతకు అన్న లేచి కూర్చున్నాడు, కప్పు పట్టుకున్నాడు. ఇక్కడి డాక్టరు అయినా ఆ పనే చేసేవాడు. కానీ ఆ కోతలోంచి, ఆకుపసరు చేతుల్లోంచి, లోపలికి పోయినదే అన్నను చంపింది. ఎక్కడ కోయాలో రాసింది నేను. పొర కింద నెత్తురు ఉందని, బయటికి తీయాలని రాసి, మీరు తీయవద్దని ఆ ఉత్తరంలో రాయలేదు. నాకు తెలిసినదంతా మీకు చూపించాలనే తాపత్రయంలో ఉన్నాను. బస్సు గురించి ఒకే ఒక్క వరుస రాశాను.

అన్నను మీరు చంపాలనుకోలేదు. వాడిని బతికించడానికి మీ నాన్న మాట కూడా దాటారు. అది కూడా చెబుతాను. దానివల్ల మీకు శిక్ష తగ్గుతుందో లేదో నాకు తెలియదు. తగ్గకపోయినా చెబుతాను. మొసోటి కొట్టిన దెబ్బకు వాడికి పడాల్సింది పడుతుంది. కొట్టని రెండో దెబ్బకు వాడి మెడకు ఉరి పడనివ్వను. మన కుర్రాళ్లు కాల్చిన ఇల్లు, విరగ్గొట్టిన చెయ్యి గురించి అడిగితే వాటి గురించీ చెబుతాను. అడగకపోయినా చెబుతాను.

మార్చి ఇరవై నాలుగు ఉత్తరం కాల్చలేదు. మీ ఉత్తరాలు నాలుగూ నిన్న ఇక్కడికి వచ్చిన మొసోటి వకీలుకు ఇచ్చాను. నా పదహారో తారీకుది అమ్మ దగ్గర ఉందని కూడా ఆయనకు చెప్పాను. దానికోసం కోర్టు మనిషి వస్తాడు. అమ్మ చేత ఇప్పించండి.

ఇరవై ఆరు ఆదివారం పొద్దున ఏడు గంటల బస్సులో బయలుదేరి సాయంత్రానికి కిసీలో దిగుతాను. కుర్రాళ్లు అడిగితే నేను దిగే వేళ అదేనని చెప్పండి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి కోర్టులో మొసోటి తరఫున సాక్ష్యం చెబుతాను.

కెరూబో